గొంతు లేని వాయిద్యం

పోయిన ఏడాది శ్రీరామనవమినాడు మా బంటింగ్ దగ్గర ఒక ఎస్టేటు రామాలయంలో నా పరువు పోయింది. నా పరువుదేముంది లెండి, అది వస్తూ పోతూ ఉంటుంది. కానీ ఆ రోజు నా మూలంగా ఒక పెద్దావిడ పాట ఆగిపోయింది. అదీ నా బాధ.

బంటింగ్ అంటే ఎక్కడో చాలామందికి తెలియకపోవచ్చు. కౌలాలంపూర్‌కి నైరుతి దిక్కున, సెలంగోర్ రాష్ట్రంలో, లంగాట్ నది పక్కన ఉన్న చిన్న పట్నం. మలేషియావాళ్ళనడిగితే మాత్రం "ఓ, బ్యాడ్మింటన్ సిడెక్ అన్నదమ్ముల ఊరు" అంటారు. చుట్టూ కనుచూపు మేర పామాయిల్ తోటలు. ఒకప్పుడు ఇక్కడి తోటల్లో రబ్బరు, కొబ్బరి కూడా ఉండేవి. బ్రిటిష్ వాళ్ళ కాలంలో ఆ తోటల్లో పనికి విశాఖపట్నం, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్ళ మనవలూ, మునిమనవలూ ఈ దేశంలో చాలాచోట్ల ఉన్నారు. 1938లో భారత ప్రభుత్వం కూలీల వలసని ఆపేశాక ఆ రాకడ ఆగింది. వచ్చినవాళ్ళు మాత్రం ఇక్కడే ఉండిపోయారు. రాముడికి గుళ్ళు కట్టుకున్నారు. 1955లో మలయా ఆంధ్ర సంఘం అని ఒకటి పెట్టుకున్నారు, అదే ఇప్పటి మలేషియా తెలుగు సంఘం. 1981లో రెండో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది కూడా కౌలాలంపూర్లోనే.

సరే, నా కథకొస్తాను. ఆ గుళ్ళో ప్రతి శ్రీరామనవమికీ ఒక మామ్మ రాములవారి మీద కీర్తన ఒకటి పాడుతుంది. ఎనభైకి దగ్గరపడిన మనిషి. వాళ్ళమ్మ దగ్గర నేర్చుకుందిట, వాళ్ళమ్మ ఓడ దిగేటప్పుడు బట్టల మూటతో పాటు తెచ్చుకున్న పాట. నేనెక్కడా పుస్తకాల్లో చూడలేదు. ఆవిడ పిల్లలకి తెలుగు మాట్లాడ్డం వచ్చు, పాట రాదు. మనవలకి మలయ్, తమిళం, ఇంగ్లీషు గలగలా వస్తాయి, తెలుగు ముక్కలు ముక్కలుగా వస్తుంది. అంటే ఆ పాట ఈ భూమ్మీద ఉన్నది ఒక్క గొంతులో.

అన్నేళ్ళూ ఆవిడ ఏ వాయిద్యం లేకుండానే హాయిగా పాడుతోంది. పోయినసారి నాకు బుద్ధి పుట్టి, "మామ్మా, ఈసారి నేను కీబోర్డు మీద వెనకాల వాయిస్తాను" అన్నాను. నా 61 మెట్ల కీబోర్డుని గుడి మైకుసెట్టుకి తగిలించాను. తగిలించగానే 'గుంయ్' మని ఒక ఝుంకారం. హాలు అవతలి గుమ్మం దగ్గర రెండు నిలువు స్పీకర్లు, బయట కొబ్బరిచెట్లకి కట్టిన రెండు గొట్టాలు. మామ్మా నేనూ దేవుడి ముందు, స్పీకర్లన్నీ జనం వైపు. మొదటి చరణం ఎలాగో గడిచింది. రెండో చరణంలో ఆవిడ శ్రుతి జారింది. సర్దుకోబోయింది. మళ్ళీ జారింది. ఆగిపోయింది.

"ఏటో బాబూ, నీ పెట్టె పలుకుతందో నేదో నాకు తెల్నేదు. నువ్వో దారి, నేనో దారి అయిపోనాం" అంది. అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు. పానకం తాగుతూ గుడి పెద్దాయనతో, "వచ్చే ఏడు ఇంక నానొద్దులే" అనడం నా చెవిన పడింది.

ఆ రాత్రి నిద్రపట్టలేదు. వృత్తి అలవాటు కదా, తప్పు ఎక్కడ జరిగిందో మూలం దాకా తవ్వాలనిపించింది. నాకు వాయించడం రాక కాదు (అంటే, గొప్పగా రాదనుకోండి, ఆ కీర్తనకి చాలు). కీబోర్డూ పాతదేం కాదు. మరి? తవ్వగా తవ్వగా తేలిందేమిటంటే, నేను తీసుకెళ్ళింది సగం వాయిద్యం. మిగతా సగం, అంటే దాని గొంతు, గుడివాళ్ళ మైకుసెట్టులో ఉంది. ఆ గొంతు ఆవిడకి వినపడని చోట ఉంది.

వీణకి కుండ ఉంది, మృదంగానికి తోలుంది. హార్మోనియం సంగతి చూడండి. పారిస్‌లో అలెగ్జాండర్ డెబెయిన్ 1842లో పేటెంటు తీసుకున్న ఆ పెట్టెని తొక్కుడు పెడళ్ళ నుంచి తప్పించి, చేత్తో తిత్తి ఊదుతూ వాయించుకునేలా కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ మార్చాడు. ఆయన ద్వార్కిన్ కంపెనీ పెట్టింది 1875లో. అక్కణ్ణించి అది మన పద్యనాటకాల్లోకి వచ్చి కూర్చుంది. ఆకాశవాణి 1940లో హార్మోనియాన్ని బహిష్కరించి 1971 దాకా రానివ్వకపోయినా, మన నాటకాలవాళ్ళు దాన్ని వదల్లేదు. సురభి వాళ్ళ నాటకం చూసినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, హార్మోనిస్టు రంగస్థలం పక్కనే కూర్చుంటాడు. కృష్ణుడు పద్యం ఎత్తుకోబోయే ముందు శ్రుతి అందుతుంది. ఆ శ్రుతి ఎక్కణ్ణించి వస్తోంది? ఆ పెట్టెలోంచే, నాలుగడుగుల దూరంలోంచే. నటుడికి వినపడేదీ ముందు వరసలో జనానికి వినపడేదీ ఒకటే. ఆ ఏర్పాటులో ఎంత తెలివుందో నాకు ఈ గొడవ జరిగాక గానీ అర్థం కాలేదు.

కీబోర్డుకి ఆ సౌకర్యం లేదు. అందులోంచి వచ్చేది శబ్దం కాదు, తీగలో చిన్న విద్యుత్తు. చిన్న కీబోర్డుల్లో లోపల రెండు బుల్లి స్పీకర్లుంటాయి, అవి గదిలో సాధన చేసుకోవడానికే. పదిమంది ముందు కూర్చుంటే ఎవరో ఒకరు దానికి గొంతు అరువివ్వాలి. కాబట్టి కీబోర్డు చరిత్రని మెట్ల చరిత్రగా కాకుండా స్పీకర్ల చరిత్రగా చదివితే చాలా సంగతులు తేటపడతాయి.

స్పీకర్ మొదట పుట్టింది పాట కోసం కాదు, మాట కోసం. 1915లో కాలిఫోర్నియాలో పీటర్ జెన్సెన్, ఎడ్విన్ ప్రిడమ్ అనే ఇద్దరు ఒక గొట్టం స్పీకర్ తయారుచేసి దానికి 'మాగ్నవాక్స్' అని పేరు పెట్టారు. లాటిన్లో 'పెద్ద గొంతు' అని అర్థం. 1919లో అమెరికా అధ్యక్షుడు విల్సన్ శాన్‌డియేగోలో దాని సాయంతోనే యాభైవేల మందికి ఉపన్యాసం వినిపించాడు. ఇప్పుడు మనకి తెలిసిన కాగితపు శంకువు స్పీకరుని జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీకి చెందిన చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ 1925లో లోకానికి చూపించారు. వందేళ్ళు గడిచినా ఇవాళ్టి స్పీకర్లలో చాలావాటికి మూలసూత్రం అదే.

గొట్టం మాత్రం పోలేదు. ఎందుకంటే కొద్దిపాటి కరెంటుతో చాలా దూరం అరుస్తుంది. అందుకే మన ఊళ్ళలో పెళ్ళయినా, తిరనాళ్ళయినా, ఎన్నికల ప్రచారమయినా గొట్టమే. ఢిల్లీలో 1940లో మొదలైన అహూజా కంపెనీ పేరు మన దగ్గర మైకుసెట్టుకి పర్యాయపదం అయిపోయింది. కానీ గొట్టం ముఖ్యంగా మధ్య స్థాయి శబ్దాలనే బాగా పలికిస్తుంది. మనిషి మాట అర్థం కావడానికి అది చాలు. అదే గొట్టంలోంచి పియానో ఎడమచేతి స్వరాలు పంపిస్తే అడుగు శబ్దం అసలు పుట్టదు. నేను గుళ్ళో 'గ్రాండ్ పియానో' నొక్కితే డబ్బా మీద చినుకులు పడ్డట్టు వినిపించిందంటే కారణం ఇదే. గొట్టం తప్పేం లేదు పాపం, దాని పని మాట వినిపించడం.

కీబోర్డుకి విడిగా గొంతు కావాలని మొదట గట్టిగా పట్టుబట్టినవాడు డాన్ లెస్లీ అనే అమెరికన్. 1935లో లారెన్స్ హామండ్ విద్యుత్ ఆర్గన్ బజార్లోకి తెచ్చాడు. చర్చిలో ఉండే గొట్టాల ఆర్గన్ కొనలేనివాళ్ళకి ఇది వరం. లెస్లీ ఒకటి కొని ఇంట్లో పెట్టుకున్నాడు. తీరా వింటే చప్పగా ఉంది, పెద్ద హాల్లో ఉండే గాంభీర్యం లేదు. శబ్దం నలుమూలల నుంచీ రావాలంటే స్పీకరునే తిప్పితే సరి అనుకుని, పైన తిరిగే గొట్టం, కింద తిరిగే డ్రమ్ము పెట్టి ఒక బీరువాలాంటి పెట్టె తయారుచేశాడు. హామండ్ ససేమిరా ఒప్పుకోలేదు. లెస్లీ 1941 నుంచి తనే అమ్ముకోవడం మొదలుపెట్టాడు. తరవాత ఏమైంది? ఇవాళ ఎవరైనా 'హామండ్ శబ్దం' అంటే వాళ్ళ మనసులో ఉండేది ఆ లెస్లీ పెట్టె శబ్దమే. ఈనాటి డిజిటల్ కీబోర్డుల్లో ఆర్గన్ నొక్కితే ఆ స్పీకర్ తిరుగుడుని కూడా సాఫ్టువేర్లో నకలు చేసి ఇస్తున్నారు. పెట్టె పోయినా దాని గొంతు మిగిలింది.

లెస్లీ వల్ల ఆర్గన్‌కి గొంతు దొరికింది కానీ మోయడం ఎవరి వల్ల? 1950ల నాటి హామండ్ బి-3 బరువు బల్లా పెడళ్ళతో కలిపి దాదాపు 190 కిలోలు. దాని మీద లెస్లీ పెట్టె అదనం. ఊరూరా తిరిగి వాయించేవాళ్ళకి అది కుదిరే పని కాదు. ఇలాంటివాళ్ళకి పనికొచ్చేలా ఫ్రాన్స్‌లో కాన్‌స్టాంట్ మార్టిన్ 1947లో క్లావియోలిన్ చేశాడు. మూడు స్థాయిల చిన్న కీబోర్డు, ఒకసారికి ఒకే స్వరం. ముఖ్యమైన సంగతేమిటంటే దానితో పాటు ఆంప్లిఫయరూ స్పీకరూ ఉన్న పెట్టె ఒకటి వచ్చేది. గొంతుతో సహా అమ్మిన వాయిద్యమన్నమాట. దీని శబ్దం మీలో చాలామంది విన్నారు, పేరు తెలియకపోయినా సరే. 1954లో వచ్చిన హిందీ 'నాగిన్' సినిమాలో హేమంత్ కుమార్ సంగీతంలో పాములవాడి బూర వినిపిస్తుంది చూడండి, అది బూర కాదు, కల్యాణ్‌జీ వాయించిన క్లావియోలిన్. ఒక వాయిద్యం మరో వాయిద్యం వేషం కట్టడం మన సినిమా పాటల్లో అలా అలవాటైంది.

ఆ తరవాత పదేళ్ళు గిటారువాళ్ళవి. 1961లో క్లిఫ్ రిచర్డ్, షాడోస్ బృందం సింగపూర్ వచ్చి వాయించి వెళ్ళాక ఈ ప్రాంతంలో వీధికో గిటారు బృందం పుట్టింది. వాళ్ళని మలయ్ లో 'కుగిరాన్' అంటారు. వేదిక మీద ఉండేవి గిటారు ఆంప్లిఫయర్లే కాబట్టి కీబోర్డు వాయించేవాడికీ అదే గతి. గిటారులో అన్నిటికన్నా కింది తీగ 82 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. గిటారు స్పీకరు 5 వేల హెర్ట్జ్ దాటితే దాదాపు మూగబోతుంది. గిటారుకి అదే అందం, గరుకు శబ్దాలు వడకట్టబడతాయి. కానీ 88 మెట్ల కీబోర్డు 27.5 హెర్ట్జ్ నుంచి మొదలవుతుంది. పై మెట్టు 4186 హెర్ట్జ్, దాని మీద పుట్టే అనుస్వరాలు ఇంకా ఎన్నో రెట్లు పైకి పోతాయి. గిటారు పెట్టెలో కీబోర్డు పెడితే కింద కాళ్ళూ పైన తలా నరికి మధ్య మొండెం వినిపించినట్టు ఉంటుంది. ఇవాళ్టికీ కొత్తగా వాయించేవాళ్ళు చేసే మొదటి పొరపాటు ఇదే. చవగ్గా దొరికిందని గిటారు ఆంప్లిఫయరు కొనడం.

అప్పట్లో ఇంకో చిక్కు కూడా ఉండేది, వాయించేవాడికి తన శబ్దం తనకి వినపడకపోవడం. 1965 ఆగస్టులో న్యూయార్క్ షే స్టేడియంలో బీటిల్స్ 55 వేల మంది ముందు వాయించారు. జాన్ లెనన్ ఒక పాటకి వాక్స్ ఆర్గన్‌ని మోచేత్తో కూడా వాయించాడు. జనం అరుపుల్లో వాళ్ళేం వాయిస్తున్నారో వాళ్ళకే సరిగ్గా వినపడలేదు. ఇప్పుడు వేదిక మీద కళాకారుడి వైపు తిప్పి పెట్టే మానిటర్ స్పీకర్లు అప్పటికింకా మామూలు కాలేదు. ఎస్టేటు గుళ్ళో నన్నూ మామ్మనీ బీటిల్స్‌తో పోలుస్తున్నాననుకోకండి, కానీ మా ఇద్దరి జబ్బూ వాళ్ళ జబ్బూ ఒకటే.

దీనికి అన్నిటికన్నా విపరీతమైన వైద్యం గ్రేట్‌ఫుల్ డెడ్ అనే అమెరికన్ బృందం చేసింది. 1974లో వాళ్ళు స్పీకర్లన్నిటినీ జనం వైపు అటూ ఇటూ కాకుండా తమ వెనకాలే గోడలా పేర్చారు. ఒక్కో వాయిద్యానికి దాని స్పీకర్లు దానివే, పియానోకి కూడా. వాళ్ళకి వినపడేదే జనానికి వినపడుతుంది. మొత్తం బరువు సుమారు 75 టన్నులు. అదే ఏడాది అక్టోబరుకల్లా చాలించుకున్నారు. మోతకూలి ఎవడిస్తాడు మరి? కానీ ఆ ఆలోచన గమనించారా? మన హార్మోనిస్టు పక్కన కూర్చోవడమే, 75 టన్నుల ఖర్చుతో!

ఇక 1980లు. ఈ కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం, ఎందుకంటే ఇక్కణ్ణించి మా వృత్తివాళ్ళు వస్తారు. 1980లో లెక్కల యంత్రాలు చేసే కేసియో కంపెనీ తన మొదటి కీబోర్డు అమ్మింది. మా రాజమండ్రిలో చిన్న కీబోర్డు ఏ కంపెనీదైనా సరే 'కేసియో' అనే అనేవారు. 1983 జనవరిలో రెండు వేర్వేరు కంపెనీల కీబోర్డులు ఒక తీగతో మాట్లాడుకోవడం జనం చూశారు. అదే మిడి. అదే ఏడాది యమహా డీఎక్స్7 వచ్చింది. స్టాన్‌ఫర్డ్‌లో జాన్ చౌనింగ్ 1967లో కనిపెట్టిన లెక్కని చిప్పులోకి ఎక్కించిన యంత్రం. 61 మెట్లు, 14 కిలోలు. ఒకడే చంకన పెట్టుకుని బస్సెక్కగలడు. ఐదేళ్ళకి కోర్గ్ ఎం1 వచ్చింది, అందులో నిజమైన వాయిద్యాల ముక్కలు రికార్డు చేసి పెట్టారు.

అప్పటికి తెలుగు పాటలు ఎక్కువగా రికార్డయ్యేది మద్రాసులోనే. అక్కడ ఈ యంత్రాలు ఎంత విలువైనవో చెప్పడానికి ఒక్క ఇల్లు చాలు. సంగీత దర్శకుడు ఆర్.కె. శేఖర్ 1976లో పోయాక ఆయన వాయిద్యాలని అద్దెకిచ్చి ఆ కుటుంబం కొంతకాలం గడుపుకుంది. ఆ ఇంటి పిల్లవాడు పెద్దయి మన రాజ్-కోటి దగ్గర కీబోర్డు వాయించాడు. 1992లో 'రోజా'తో ఏ.ఆర్. రెహమాన్ అయ్యాడు. స్టూడియోలో కీబోర్డు తీగ తిన్నగా రికార్డింగు బల్లకి పోతుంది, మధ్యలో గాలీ స్పీకరూ ఉండవు. కాబట్టి అక్కడ ఎంత లోతైన బాసయినా, ఎంత సన్నని గంట శబ్దమైనా పెట్టుకోవచ్చు. కేసెట్లో విన్న జనం ఊళ్ళో ఆర్కెస్ట్రావాళ్ళు కూడా అచ్చం అలాగే వినిపించాలనుకున్నారు. ఇరవై మంది వయొలిన్లు, వేణువు, షెహనాయి, బాసు అన్నీ ఒక కీబోర్డు కుర్రాడి నెత్తిన పడ్డాయి. వాడి చేతిలో డీఎక్స్7, వాడి వెనక మాత్రం ఉపన్యాసాల గొట్టం. ఆ కాలంలో ఊరి పందిళ్ళలో కచేరీలు గీ పెట్టినట్టు ఎందుకుండేవో ఇప్పుడర్థమవుతోంది. వాయించినవాళ్ళ తప్పు కాదది. వాయిద్యం 1983లో ఉంది, గొంతు 1919లో ఉంది.

ఆ తేడా తీరడానికి ఇంకో పన్నెండేళ్ళు పట్టింది. 1995లో జేబీఎల్ ఈయాన్ అనే ప్లాస్టిక్ పెట్టె స్పీకరు తెచ్చింది. లోపలే ఆంప్లిఫయరు, బాసుకి ఒకటి, పై శబ్దాలకి ఒకటి. ప్లగ్గు పెట్టు, తీగ పెట్టు, వాయించు. ఆంప్లిఫయరు వేరు, స్పీకరు వేరు, రెండింటికీ కుదిరిందా లేదా అన్న లెక్కలు కీబోర్డు కుర్రాడి నెత్తి మీంచి దిగాయి. 2009లో వచ్చిన క్యూఎస్‌సీ కే10 పదిహేను కిలోల లోపే. క్లాస్-డి అనే కొత్తరకం ఆంప్లిఫయర్ల వల్ల వేడీ తగ్గింది, బరువూ తగ్గింది. ఈ మధ్యలోనే, 2003లో, బోస్ కంపెనీ ఎల్1 అని సన్నని స్తంభంలాంటి స్పీకరు తెచ్చింది. దాని ప్రత్యేకతేమిటంటే వాయించేవాడి వెనకాల నిలబెట్టుకోవాలి. అతనికీ జనానికీ ఒకే శబ్దం. 75 టన్నుల గోడ ఒక మనిషి మోసే స్తంభం అయింది. హార్మోనిస్టు మళ్ళీ తన చోటికి వచ్చి కూర్చున్నాడు.

ఇదంతా చదివాక నా కొనుగోలు తేలికైంది. నా దగ్గర ఉన్నది రెండువేల ఐదువందల రింగిట్లు. మొదట్లో 88 మెట్ల కొత్త కీబోర్డు కొందామనుకున్నాను. అది మానేశాను. ఉన్న కీబోర్డుకి గొంతు కొన్నాను. ప్రోగ్రాములకి వాయించే కుర్రాళ్ళెవరైనా ఇది చదువుతుంటే నేను తెలుసుకున్నవి నాలుగు ముక్కలు చెప్తాను.

ఒకటి. 61 మెట్ల కీబోర్డులో కింది మెట్టు 65 హెర్ట్జ్. మంచి 12 అంగుళాల యాక్టివ్ స్పీకరు ఒక్కటి దాన్ని సుఖంగా పలికిస్తుంది. 88 మెట్లున్నా అన్నిటికన్నా కింది నాలుగైదు స్వరాలు భక్తి పాటల్లో మీరు ముట్టుకోరు. ఆ నాలుగింటి కోసం ఇంకో పెద్ద బాసు పెట్టె మోయొద్దు.

రెండు. వాట్లు చూసి మోసపోవద్దు. చిన్నప్పుడు టేప్‌రికార్డర్ల మీద 'పి.ఎం.పి.ఓ.' అని వేలల్లో అంకెలుండేవి గుర్తుందా? అదే జాతి. వాట్లు రెండింతలు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి రెండింతలు గట్టిగా అనిపించాలంటే సుమారు పదింతల వాట్లు కావాలి. అదే, ఆరుబయట స్పీకరుకి మీరు సగం దూరం దగ్గరికి జరిగితే ఉచితంగా 6 డెసిబెల్స్ పెరుగుతాయి. డబ్బు పెట్టేముందు కుర్చీ జరిపి చూడండి.

మూడు. దూరమంటే ఆలస్యం కూడా. శబ్దం సెకనుకి సుమారు 343 మీటర్లు పోతుంది. పదిహేడు మీటర్ల అవతల ఉన్న స్పీకరులోంచి మీ స్వరం మీ చెవికి చేరేసరికి సెకనులో ఇరవయ్యో వంతు గడిచిపోతుంది. మేం సాఫ్టువేర్లో ఇంతకన్నా తక్కువ ఆలస్యానికే గగ్గోలు పెడతాం. మామ్మకి నా స్వరం చేరింది ఇలా, ఆలస్యంగా, అదీ జనం తలల మీదుగా తిరిగొచ్చి.

నాలుగు. ఒకే స్పీకరుంటే కీబోర్డు వెనక 'ఎల్/మోనో' అని రాసున్న బెజ్జంలోనే తీగ పెట్టండి. పియానో శబ్దాలు స్టీరియోలో రికార్డయి ఉంటాయి. కుడీ ఎడమలని ఎక్కడో ఇష్టమొచ్చినట్టు కలిపేస్తే ఒకదాన్నొకటి తినేస్తాయి, పియానో బోలుగా వినిపిస్తుంది. కొనేముందు షాపులోనే ఒక స్పీకరు మీద మీ కీబోర్డులో పియానో, వయొలిన్లు, నాదస్వరం మూడూ విడివిడిగా వాయించి చూడండి. నాదస్వరం గట్టిగా వాయించినప్పుడు చెవిలో గుచ్చుకుంటే ఆ పెట్టె పైశబ్దాలు బాగోలేవని అర్థం. నేను చేసిన పరీక్ష అదే. షాపతను నాదస్వరం వినగానే పెళ్ళెవరిదని అడిగాడు.

ఇక ఆ 'గుంయ్' సంగతి. నా కీబోర్డు ఇండియా నుంచి తెచ్చుకున్నది, దాని అడాప్టరుకి రెండే కాళ్ళు. ఇక్కడి ప్లగ్గులు బ్రిటిష్ పద్ధతి మూడు కాళ్ళవి. పైగా మామూలు గిటారు తీగ పొడుగ్గా లాగి దూరాన ఉన్న ఆంప్లిఫయరుకి పెట్టాను. అది దారిలో కరెంటులో ఉన్న 50 హెర్ట్జ్ ఝుంకారాన్నంతా పీల్చుకుంది. మందు చవకైనదే, డీఐ బాక్స్. అరచేతిలో పట్టే ఆ డబ్బా మధ్యలో పెడితే సంకేతం రెండు తీగల మీద ఎదురెదురుగా పోతుంది, మధ్యలో అంటుకున్న రొద చివర్లో కొట్టుకుపోతుంది. కొంతమంది ఝుంకారం పోవడానికి ప్లగ్గులో ఎర్త్ తీగ తీసేస్తారు. దయచేసి ఆ పని చెయ్యకండి. రొద పోతుంది, మనిషీ పోవచ్చు.

చివరికి కొన్నవి ఒక వాడిన 12 అంగుళాల యాక్టివ్ స్పీకరు, ఒక డీఐ బాక్సు, రెండు మంచి తీగలు (ఒకటి పోతే ఇంకోటి), కుదురుగా నిలబడే స్టాండు ఒకటి. ఇంకా రెండువందల చిల్లర రింగిట్లు మిగిలాయి.

సామాను సిద్ధమే, మరి మామ్మని ఒప్పించాలి కదా. ఫోనులో "ఒద్దు బాబూ" అంది. రెండుసార్లు అంది. ఓ ఆదివారం సాయంత్రం స్పీకరు కార్లో వేసుకుని వాళ్ళింటికే వెళ్ళాను. వరండాలో ఆవిడ కుర్చీ వెనకాల, నాలుగడుగుల దూరంలో పెట్టాను. పియానో కాదు, హార్మోనియం శబ్దం పెట్టి ఒక్క షడ్జమం పట్టి ఉంచాను. ఆవిడ కాసేపేమీ అనలేదు. తరవాత వెనక్కి తిరిగి పెట్టె వైపు చూసి, "ఇది మా నాయన పెట్టెలాగ పలుకుతందే" అంది. వాళ్ళ నాన్న ఎస్టేటు భజనలో హార్మోనియం వాయించేవాడుట. ఆ సంగతి అంతకు ముందు నాకెవరూ చెప్పలేదు.

ఈ ఏడాది శ్రీరామనవమికి స్పీకరు మా ఇద్దరి వెనకాలే ఉంది. డీఐ బాక్సులోంచి ఇంకో తీగ గుడి మైకుసెట్టుకి పోయింది, బయట గొట్టాలు బయటివాళ్ళకి వినిపించుకున్నాయి. మాకు మాత్రం మా పెట్టే. మామ్మ చరణాలన్నీ పాడింది. ఆవిడ అనుమతి తీసుకుని వాళ్ళ మనవరాలు ఫోన్లో రికార్డు చేసింది కూడా. రెండో చరణం దగ్గర నా గుండె కాస్త వేగంగా కొట్టుకుంది గానీ, ఆవిడ అటూ ఇటూ చూడకుండా దాటేసింది.

అయ్యాక పానకం గ్లాసు పట్టుకుని దగ్గరికెళ్ళాను. మెచ్చుకుంటుందేమోనని నా ఆశ.

"ఈపాలి వినపడింది బాబూ" అంది. "అందుకే చెప్తన్నాను. నాలుగున్నర శ్రుతి నాకు ఎక్కువైపోనాది. వచ్చే ఏడు నాలుగు పెట్టు."

కీబోర్డులో ట్రాన్స్‌పోజ్ మీట ఒకసారి నొక్కితే చాలు, దానికి పైసా ఖర్చు లేదు. ఇన్నాళ్ళూ చరిత్రంతా తవ్వాను గానీ, పాడే మనిషిని ఆ ఒక్క ముక్క అడగడం మర్చిపోయాను. ఇప్పుడు నాలుగు శ్రుతి అని చీటీ రాసి కీబోర్డుకి అంటించుకున్నాను. వచ్చే ఏడు పాడతానందిగా, అది చాలు.